ఓ3 ఎన్‌ఎఫ్‌ఎం కాథోడ్‌కి అల్యూమినా పూత వేస్తే కెపాసిటీ తగ్గుతోంది. తేడా ఎక్కడ?

ఉప్పుగల్లు (ప్రశ్న)

సోడియం అయాన్ సెల్స్ కోసం ఓ3 రకం (సోడియం, లోహ ఆక్సైడ్ పొరలు ఒకదానిపై ఒకటి పేర్చిన నిర్మాణం) నికెల్-ఐరన్-మాంగనీస్ ఆక్సైడ్ మీద (మూడు లోహాలూ సమపాళ్లలో, అంటే ఎన్‌ఎఫ్‌ఎం111) పల్చటి అల్యూమినా పూత వేయాలన్నది పని. వివరాలు ఇవీ:

పౌడర్ 10 గ్రా., బీఈటీ (పౌడర్ ఉపరితల వైశాల్యం) గ్రాముకి 0.5 చదరపు మీటర్లు. బరువులో 2 శాతం అల్యూమినా వచ్చేలా 1.47 గ్రా. అల్యూమినియం నైట్రేట్ నోనాహైడ్రేట్‌ని 50 మి.లీ. 95 శాతం ఇథనాల్‌లో కరిగించి, పౌడర్ వేసి, 80 డిగ్రీల దగ్గర కలుపుతూ పూర్తిగా ఆరబెట్టడం. తర్వాత మామూలు గాలిలో 600 డిగ్రీలు, 5 గంటలు.

సోడియం లోహంతో హాఫ్ సెల్ (కాథోడ్ ఒక్కదాన్నే పరీక్షించే సెల్), 2.0 నుంచి 4.0 వోల్టులు, 0.1సీ (పది గంటల్లో ఒక డిశ్చార్జ్ అయ్యే వేగం). పూత లేని పౌడర్ డిశ్చార్జ్‌లో గ్రాముకి 128 ఎంఏహెచ్ ఇస్తోంది, పూత వేసింది 109. 1సీ దగ్గర తేడా ఇంకా ఎక్కువ. 100 సైకిళ్ల తర్వాత నిలిచింది పూత లేనిదానికి 78 శాతం, పూత ఉన్నదానికి 84 శాతం. ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) పొరల దూరం చూపే 003 పీక్ 16.6 డిగ్రీల నుంచి 16.3కి జరిగింది. స్లర్రీ (ఎలక్ట్రోడ్‌గా పూసే ముద్ద) మాత్రం రెండింటికీ గంటలోపే జెల్లీలా గడ్డకడుతోంది. బైండర్ (కణాల్ని అతికించే పాలిమర్) పీవీడీఎఫ్, సాల్వెంట్ (ద్రావకం) ఎన్‌ఎంపీ.

పూత శాతం తగ్గిస్తే చాలా, ప్రీకర్సర్ (పూతకి మూల రసాయనం) మార్చాలా, లేక ఏఎల్‌డీ (వాయువులతో ఒక్కో అణు పొరగా పూత వేసే పద్ధతి) తప్ప దారి లేదా?

నానోమందం

ఏఎల్‌డీ దాకా వెళ్లక్కర్లేదండీ. ముందు మందం లెక్క చూడండి. బరువు శాతం చూసి పూత వేస్తే ఎప్పుడూ ఇదే ఇబ్బంది, ఎందుకంటే పూత పరుచుకునేది బరువు మీద కాదు, ఉపరితలం మీద. నానోమీటర్లలో సగటు మందం ఇలా వస్తుంది:

మందం = 10 × పూత శాతం ÷ (బీఈటీ × పూత సాంద్రత)

స్ఫటికం కాని అల్యూమినా సాంద్రత ఘన సెం.మీ.కి 3 గ్రా. దగ్గర వేసుకోవచ్చు. మీ 2 శాతానికి 20 ÷ 1.5, అంటే 13 నానోమీటర్లు. అల్యూమినా ఎలక్ట్రాన్లని పోనివ్వదు, సోడియం అయాన్లకీ అంత సులువుగా దారి ఇవ్వదు. 2 నానోమీటర్ల దాకా సరే, 5 దాటితే పోలరైజేషన్ (అడ్డంకి వల్ల వోల్టేజ్ నష్టం) కనబడటం మొదలవుతుంది, 13 అంటే మరీ ఎక్కువ. మీ బీఈటీకి 0.3 శాతం చాలు, అది 2 నానోమీటర్లు. ఇది సమంగా పరుచుకుంటేనే అనుకోండి. తడి పద్ధతిలో ఒకచోట 1, పక్కనే 6 ఉండటం మామూలే.

రెండోది నైట్రేట్. మీ 1.47 గ్రాములు 3.9 మిల్లీమోల్స్. ఒక్కో అల్యూమినియంకి మూడు నైట్రేట్లు, కాబట్టి 11.8 మిల్లీమోల్స్ నైట్రేట్. మీ 10 గ్రా. ఎన్‌ఎఫ్‌ఎంలో ఉన్న మొత్తం సోడియం దాదాపు 90 మిల్లీమోల్స్ (ఫార్ములా బరువు 111.5). నీటిలో అల్యూమినియం నైట్రేట్ ఆమ్లగుణం చూపిస్తుంది. ముందు ఉపరితలంపై ఉన్న క్షారాన్ని తింటుంది, అది అయిపోయాక లాటిస్ (స్ఫటిక నిర్మాణం) లోంచి సోడియంని లాగి, ఆ ఖాళీలో ప్రోటాన్‌ని కూర్చోబెడుతుంది. అంతా జరిగితే 13 శాతం సోడియం సోడియం నైట్రేట్‌గా బయటకొస్తుంది. అందరికీ అంత జరగదు గానీ మీ పరిస్థితుల్లో జరగడానికి అన్నీ కుదిరాయి: 95 శాతం ఇథనాల్‌లోంచి రెండున్నర మి.లీ. నీరు, నోనాహైడ్రేట్‌లోంచి ఇంకో 0.6 గ్రా., పైగా 80 డిగ్రీల వేడి.

003 పీక్ కిందికి జరగడం కూడా అదే చెబుతోంది. సోడియం తగ్గేకొద్దీ ఆక్సిజన్ పొరల మధ్య వికర్షణ పెరిగి పొరల దూరం పెరుగుతుంది, పీక్ తక్కువ కోణానికి వస్తుంది. 12.6 డిగ్రీల దగ్గర చిన్న గుబ్బ ఏమైనా ఉందేమో కూడా చూడండి. అది ఉంటే పొరల మధ్యకి నీళ్లే దూరాయని అర్థం (పొరల దూరం 7 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరకొస్తుంది).

నైట్రేట్ బదులు అల్యూమినియం ఐసోప్రొపాక్సైడ్ వాడండి. 10 గ్రా. పౌడర్‌కి 0.3 శాతం లెక్కన:

1. ఐసోప్రొపాక్సైడ్ 0.12 గ్రా. గ్లవ్‌బాక్స్‌లో (గాలి, తేమ తగలని పెట్టె) తూచి, 40 మి.లీ. నీరులేని ఐసోప్రొపనాల్‌లో 60 డిగ్రీల దగ్గర కరిగించండి. నెమ్మదిగా కరుగుతుంది. ఎంతకీ తెల్లని మసక పోకపోతే సీసా పాతబడి తేమ తిన్నట్టే. దాన్ని వాడితే పూత రాదు, పక్కన అల్యూమినా ముద్దలు వస్తాయి.

2. పౌడర్ వేసి 15 నిమిషాలు అల్ట్రాసోనిక్ బాత్‌లో ఉంచి ముద్దలు విడగొట్టండి. ప్రోబ్ వద్దు, కణాలు పగులుతాయి.

3. హైడ్రాలసిస్‌కి కావలసిన నీరు 32 మి.గ్రా. మాత్రమే (అల్యూమినియంకి మూడు మోల్స్). దాన్ని 10 మి.లీ. ఐసోప్రొపనాల్‌లో కలిపి గంటసేపు చుక్కచుక్కగా వేయండి. ఒక్కసారి పోస్తే ద్రావణంలోనే విడిగా కణాలు పుట్టి, పౌడర్ మీదకి రావు.

4. ఆర్గాన్ కింద 4 గంటలు కలిపి, రోటావాప్‌లో (తిప్పుతూ ద్రావకాన్ని ఆవిరి చేసే పరికరం) 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, వాక్యూమ్‌లో 120 డిగ్రీలు, 12 గంటలు.

5. పొడి ఆక్సిజన్‌లో 450 డిగ్రీలు, 4 గంటలు, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున. ఆక్సిజన్ సిలిండర్ లేకపోతే గాలిని ముందు సోడాలైమ్ గొట్టంలోంచి, తర్వాత మాలిక్యులర్ సీవ్‌లోంచి పంపండి. వరస తిరగేయొద్దు, సోడాలైమ్ కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుంటూ తేమ వదులుతుంది.

6. 150 డిగ్రీలకి రాగానే వేడిగానే గ్లవ్‌బాక్స్ యాంటీచాంబర్‌లోకి. ఫర్నేస్‌లో రాత్రంతా చల్లారనిస్తే పైన చేసిన జాగ్రత్తంతా వృథా.

600 డిగ్రీల గురించి ఒక మాట. ఆ వేడికి అల్యూమినియంలో కొంత లాటిస్‌లోకి వెళ్తుంది, కొంత ఉపరితల సోడియంతో కలిసి సోడియం అల్యూమినేట్ అవుతుంది. చెడ్డదేం కాదు. కానీ అప్పుడు మీరు కొలిచేది పూత ఫలితమా, డోపింగ్ (లాటిస్‌లోకి వేరే లోహం చేరడం) ఫలితమా అన్నది తేలదు.

బ్యూరెట్‌భాయ్

పైన చెప్పింది ఒప్పుకుంటా, ఒక్క విషయం తప్ప: అల్యూమినా మీద అంత పట్టు ఎందుకు? స్లర్రీ గడ్డకడుతోంది అంటే అసలు జబ్బు ఉపరితలంపై మిగిలిపోయిన క్షారం. దాన్ని అలాగే ఉంచి పైన 2 నానోమీటర్ల అల్యూమినా కప్పితే, పూత నిలబడేది కాథోడ్ మీద కాదు, సోడియం కార్బనేట్ మీద.

గడ్డకట్టడానికి కారణం సోడియం హైడ్రాక్సైడ్ పీవీడీఎఫ్ గొలుసులోంచి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌ని లాగేసి డబుల్ బాండ్లు పెట్టడం, అవి ఒకదానికొకటి అతుక్కోవడం. బైండర్ ద్రావణం ఒక్కదాన్నే తీసుకుంటే గోధుమరంగుకి తిరగడం కనిపిస్తుంది. కార్బన్ బ్లాక్ ఉన్న స్లర్రీలో రంగు తెలియదు, చిక్కదనమే గుర్తు. ఎన్‌ఎంపీలో తేమ ఉంటే ఇంకా వేగం.

600 డిగ్రీల్లో కాల్చాం కదా, కార్బనేట్ పోయుంటుంది అనుకోకండి. బైకార్బనేట్ 200 లోపే విరిగి కార్బనేట్ అవుతుంది, కార్బనేట్ మాత్రం 450లోనూ 600లోనూ దాదాపు అలాగే కూర్చుంటుంది. మామూలు గాలిలో చల్లారిస్తే కొత్తది చేరుతుంది కూడా.

ముందు ఎంత ఉందో కొలవండి. మరిగించి కార్బన్ డయాక్సైడ్ పోగొట్టిన 100 మి.లీ. నీటిలో 2 గ్రా. పౌడర్ వేసి, సరిగ్గా 3 నిమిషాలు కలిపి, వెంటనే వడకట్టండి. టైమ్ ఎందుకు అంత ముఖ్యమంటే, లిథియం కాథోడ్లతో పోలిస్తే ఇక్కడ లాటిస్ సోడియం నీటిలోకి చాలా వేగంగా వస్తుంది. పది నిమిషాలు కలిపితే మీరు కొలిచేది ఉపరితల క్షారం కాదు, పాడవుతున్న కాథోడ్‌ని. వడకట్టిన నీటిలో 50 మి.లీ. తీసుకుని 0.05 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పీహెచ్ 8.3 దాకా ఒక ఘట్టం, అక్కడి నుంచి 4.5 దాకా రెండో ఘట్టం. మొదటిదాంట్లో 2.44 మి.లీ., రెండోదాంట్లో 0.94 మి.లీ. పట్టిందనుకోండి. రెండో ఘట్టం మొత్తం కార్బనేట్ లెక్క: 0.047 మిల్లీమోల్స్, 5 మి.గ్రా., అంటే 0.5 శాతం. రెండింటి తేడా 1.5 మి.లీ. హైడ్రాక్సైడ్: 3 మి.గ్రా., 0.3 శాతం.

ఇప్పుడు ఆ క్షారాన్నే పూతగా మార్చొచ్చు. పై ఉదాహరణ ప్రకారం 10 గ్రా. పౌడర్ మీద తేలిగ్గా దొరికే సోడియం 1.69 మిల్లీమోల్స్. ట్రైసోడియం ఫాస్ఫేట్‌గా మారడానికి దానిలో మూడో వంతు, 0.56 మిల్లీమోల్స్ ఫాస్ఫేట్ కావాలి. అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ అయితే 65 మి.గ్రా. చిత్రంగా 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లమైనా అదే 65 మి.గ్రా. వస్తుంది. పూర్తిగా వేయకండి, 80 శాతం చాలు, అంటే 52 మి.గ్రా. ఎక్కువైతే అదనపు ఫాస్ఫేట్ లాటిస్ సోడియం మీద పడుతుంది, ఉపరితలంపై నికెల్ ఆక్సైడ్ లాంటి పనికిరాని రాక్‌సాల్ట్ పొర మిగులుతుంది. తక్కువ వేస్తే కొంచెం క్షారం మిగులుతుంది, అంతే. ఏ పక్క తప్పినా ఫర్వాలేదనుకుంటే తక్కువ పక్కే తప్పండి.

అమ్మోనియం ఉప్పు ఇథనాల్‌లో కరగదు. దాన్ని మెత్తగా నూరి పొడిగానే కలపాలి, లేదా ఫాస్ఫారిక్ ఆమ్లాన్ని 30 మి.లీ. నీరులేని ఇథనాల్‌లో కలిపి చుక్కచుక్కగా వేయాలి. రెండోదే సమంగా వస్తుంది. ఆరబెట్టి 450 డిగ్రీలు, 3 గంటలు.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. ఫాస్ఫేట్ పూత వేశాక పై టైట్రేషన్‌ని (ఆమ్లంతో చేసిన కొలతని) నమ్మకండి. ట్రైసోడియం ఫాస్ఫేట్ కూడా రెండు ఘట్టాల్లో ఆమ్లం తింటుంది, లెక్కలో అచ్చం కార్బనేట్‌లా కనబడుతుంది. "క్షారం ఏమాత్రం తగ్గలేదు" అనిపిస్తుంది. అప్పుడు ఇన్‌ఫ్రారెడ్‌లో 1440, 880 దగ్గరి కార్బనేట్ బ్యాండ్లు తగ్గాయో లేదో చూడండి. ఇంకా నేరుగా కావాలంటే 5 శాతం పీవీడీఎఫ్ ద్రావణంలో పౌడర్ కలిపి, కార్బన్ లేకుండా, మూత బిగించి 24 గంటలు వదిలేయండి. ధారగా కారితే సరే.

ఫుల్‌సెల్

ఇద్దరి లెక్కలూ బాగున్నాయి. కానీ 109 అన్న అంకె దగ్గర నాకో అభ్యంతరం ఉంది. నానోమందం గారు చెప్పినట్టు లాటిస్‌లోంచి సోడియం పోవడం ఒక్కటే కారణమైతే, హాఫ్ సెల్‌లో డిశ్చార్జ్ అంత తగ్గకూడదు. ఎదురుగా కావలసినంత సోడియం లోహం ఉంది, పోయిన సోడియంని మొదటి డిశ్చార్జ్‌లోనే నింపేస్తుంది. తగ్గాల్సింది మొదటి చార్జ్. అందుకే డిశ్చార్జ్ అంకె ఒక్కటి చెబితే రోగం తెలియదు. మొదటి చార్జ్ ఎంత వచ్చింది? 0.02సీ దగ్గర ఎంత వచ్చింది? ఈ రెండూ పెట్టండి.

ఇంకోటి. పూత లేని పౌడర్‌ని అలాగే తీసి పోల్చారు. అది పోలిక కాదు. మూడు శాంపిల్స్ ఉండాలి: ముట్టుకోని పౌడర్, ప్రీకర్సర్ లేకుండా అదే సాల్వెంట్‌లో నానబెట్టి అదే వేడికి కాల్చిన పౌడర్, పూత వేసిన పౌడర్. మధ్యది లేకపోతే సైకిల్ లైఫ్‌లో వచ్చిన ఆరు శాతం మెరుగు పూత వల్లా, మళ్లీ కాల్చడం వల్లా అన్నది చెప్పలేం. సాల్వెంట్ కొంత క్షారాన్ని కడిగేయడం, మళ్లీ కాల్చినప్పుడు ఉపరితలం కొంత సర్దుకోవడం చాలాసార్లు పూత ఖాతాలో పడిపోతుంటాయి.

ఉప్పుగల్లు

థాంక్యూ అండీ అందరికీ. పూత లేనిది మొదటి చార్జ్ 142, డిశ్చార్జ్ 128. పూత ఉన్నది మొదటి చార్జ్ 118, డిశ్చార్జ్ 109. 0.02సీ దగ్గర పూత ఉన్నది 119 దాకా ఇస్తోంది, పూత లేనిది 130. 12.6 దగ్గర గుబ్బ లేదు. ఎలక్ట్రోలైట్ ఈసీ-డీఈసీలో (కార్బనేట్ సాల్వెంట్లు) 1 మోలార్ సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్, అడిటివ్ లేదు.

ఎక్స్‌పీఎస్‌లో (ఉపరితలంపై మూలకాల్ని చూసే ఎక్స్-కిరణ పరీక్ష) అల్యూమినియం 2పీ సిగ్నల్ గజిబిజిగా ఉంది, పూత లేని శాంపిల్‌లో కూడా ఏదో కనిపిస్తోంది.

ఫుల్‌సెల్

ఇప్పుడు విడగొట్టొచ్చు. 0.1సీ దగ్గర తేడా 19. అందులో 2 శాతం పనిచేయని బరువు వల్ల రెండున్నర ఎలాగూ పోతుంది. నెమ్మదిగా నడిపితే తేడా 11కి దిగింది. అంటే 8 ఎంఏహెచ్ కేవలం మందం వల్ల, పూత పల్చబడితే తిరిగొస్తుంది. బరువు వాటా కూడా తీసేస్తే మిగిలిన ఎనిమిదిన్నర ఎంత నెమ్మదిగా నడిపినా రావట్లేదు. అది నైట్రేట్ పాడుచేసిన ఉపరితలం, లాటిస్‌లోకి దూరిన అల్యూమినియం, ఈ రెండూ కలిసి. మొదటి చార్జ్‌లో పోయిన 24లో సోడియం నష్టం కూడా కలిసి ఉంది. హాఫ్ సెల్‌లో అది రెండో సైకిల్ నుంచి కనబడకపోవచ్చు, హార్డ్ కార్బన్ ఆనోడ్‌తో ఫుల్ సెల్ కట్టిన రోజున మాత్రం మొత్తం బయటపడుతుంది. అక్కడ సోడియం ఇచ్చేది కాథోడ్ ఒక్కటే.

అందుకే పూత తేల్చాల్సింది ఫుల్ సెల్‌లోనే. ఆనోడ్, కాథోడ్ కెపాసిటీ నిష్పత్తి 1.1 నుంచి 1.2, ఎలక్ట్రోలైట్‌లో 2 శాతం ఎఫ్‌ఈసీ (రక్షణ పొర కట్టే అడిటివ్). సోడియం లోహం కార్బనేట్ సాల్వెంట్లతో ఆగకుండా రియాక్ట్ అవుతూనే ఉంటుంది. ఆ చెత్త కాథోడ్ దాకా వస్తుంది, 1సీ దగ్గర పోలరైజేషన్‌లో పెద్ద వాటా సోడియం లోహానిదే అయి ఉంటుంది. పూత వేసిన కాథోడ్‌ని సోడియం లోహం ముందు 1సీ దగ్గర పరీక్షించి తీర్పు చెప్పడం నాకు అస్సలు నచ్చదు.

ఎక్స్‌పీఎస్ సంగతి: అల్యూమినియం 2పీ 74 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఉంటుంది, దాని పక్కనే 68 దగ్గర నికెల్ 3పీ, దాని తోక మీ సిగ్నల్ కిందకి వస్తుంది. పూత లేనిదాంట్లో కనిపించేది అదే. 119 దగ్గరి అల్యూమినియం 2ఎస్ తీసుకోండి. పూత మొత్తాన్ని ఐసీపీతో (కరిగించి మూలకాల మోతాదు కొలిచే పరికరం), పరుచుకున్న తీరుని టీఈఎంతో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూడండి. ఒకే కణం అంచు ఫొటో పెట్టి "సమంగా ఉంది" అనకండి, కనీసం పది కణాలు చూడాలి.

పూత నిజంగా కాపాడుతోందా అన్నదానికి రెండు చవక పరీక్షలు. ఒకటి: డెసికేటర్‌లో మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పెడితే 25 డిగ్రీల దగ్గర తేమ 53 శాతం దగ్గర నిలుస్తుంది. మూడు శాంపిల్స్‌నీ పల్చగా పరిచి 48 గంటలు ఉంచి, 003 పీక్ ఎంత జరిగిందో చూడండి. రెండు: చార్జ్ చేసిన ఎలక్ట్రోడ్‌ని ఎలక్ట్రోలైట్‌లో ముంచి 55 డిగ్రీల దగ్గర వారం ఉంచి, ఐసీపీలో మాంగనీస్ కొలవండి. గాజు సీసా వాడొద్దు. ఎలక్ట్రోలైట్‌లోని ఉప్పు విరిగి వచ్చే హెచ్‌ఎఫ్ (హైడ్రోజన్ ఫ్లోరైడ్) గాజుని తింటుంది, తిన్నప్పుడు నీరు పుడుతుంది, ఆ నీరు ఇంకా హెచ్‌ఎఫ్ పుట్టిస్తుంది. పీటీఎఫ్‌ఈ లేదా పీఎఫ్‌ఏ (ఫ్లోరిన్ ప్లాస్టిక్‌లు) డబ్బా వాడండి. అల్యూమినా విషయంలోనూ ఇదే గుర్తుంచుకోవాలి. అది హెచ్‌ఎఫ్‌ని పట్టుకుని అల్యూమినియం ఫ్లోరైడ్ అవుతుంది, కానీ ప్రతి ఆరు హెచ్‌ఎఫ్‌లకి మూడు నీటి అణువులు వదులుతుంది. మందపాటి పూత ఎక్కువ రక్షణ అనుకోవడం ఇందుకే కుదరదు.

నానోమందం

మొదటి చార్జ్ విషయంలో ఫుల్‌సెల్ గారిదే సరైన మాట. ఏఎల్‌డీ గురించి అడిగారు కదా, అది మిగిలిపోయింది. ట్రైమెథైల్ అల్యూమినియం, నీరు వాడే పద్ధతిలో సైకిల్‌కి 0.1 నానోమీటర్ దగ్గర పెరుగుతుంది, కాబట్టి 10 నుంచి 20 సైకిళ్లు చాలు. మందం మీద అంత పట్టు ఇంకే పద్ధతీ ఇవ్వదు. కానీ పౌడర్‌ని బోటులాంటి పాత్రలో పోసి పెడితే పై పొరకే పూత వస్తుంది. పౌడర్ తిరిగే, లేదా గ్యాస్‌తో తేలే రియాక్టర్ కావాలి. నీటి పల్స్ కూడా ఓ3 పదార్థానికి పూర్తిగా హానిలేనిదేం కాదు, సైకిళ్ల మధ్య ఎక్కువసేపు పర్జ్ చేయాలి (జడవాయువుతో ఊడ్చేయాలి). ట్రైమెథైల్ అల్యూమినియం గాలి తగిలితే అంటుకుంటుంది, ఆ ఏర్పాట్లన్నీ ఉన్నచోటే చేయాలి.

మామూలు రియాక్టరే ఉంటే పౌడర్ బదులు పూర్తయిన ఎలక్ట్రోడ్ మీద వేయొచ్చు, 120 డిగ్రీల దగ్గర (పీవీడీఎఫ్ 170 దగ్గర కరుగుతుంది). కణానికీ కార్బన్‌కీ మధ్య తగులుడు ముందే కుదిరిపోయి ఉంటుంది కాబట్టి పోలరైజేషన్ తక్కువ. స్లర్రీ గడ్డకట్టే సమస్యకి మాత్రం ఇది పనికిరాదు, పూత పడేసరికే స్లర్రీ అయిపోయింది.

ఉప్పుగల్లు

బోరిక్ ఆమ్లంతో కూడా క్షారాన్ని పూతగా మార్చొచ్చని విన్నాను. ఫాస్ఫేట్ కంటే మేలా? పై వోల్టేజ్‌ని 4.2కి పెంచితే పూత తట్టుకుంటుందా?

బ్యూరెట్‌భాయ్

బోరేట్‌కి ఒక సుగుణం ఉంది: బోరాన్ ఆక్సైడ్ 450 డిగ్రీల దగ్గరే మెత్తబడి కరుగుతుంది, ఉపరితలమంతా తడుపుకుంటూ పాకి గాజులా పరుచుకుంటుంది. పొడిగా కలిపినా సమంగా రావడానికి అదే కారణం. ఇథనాల్‌లో కూడా కరుగుతుంది. సోడియం మెటాబోరేట్ అవుతుందని లెక్కేస్తే సోడియంకి సమాన మోల్స్ బోరాన్ కావాలి. పై ఉదాహరణలో 1.69 మిల్లీమోల్స్‌కి 80 శాతం అంటే బోరిక్ ఆమ్లం 84 మి.గ్రా. చెడ్డ గుణం: సోడియం బోరేట్లు తేమని పీలుస్తాయి, గాలిలో నిలవ ఉంచాల్సిన పౌడర్‌కి ఫాస్ఫేటే నయం. గ్లవ్‌బాక్స్ నుంచి నేరుగా స్లర్రీకి వెళ్లే పనైతే బోరేట్ ప్రయత్నించండి.

ఫుల్‌సెల్

4.2 గురించి: పూత పనిచేసేది ఎలక్ట్రోలైట్‌కీ ఉపరితలానికీ మధ్య. 4.0 దాటాక ఎన్‌ఎఫ్‌ఎంలో ఐరన్ పక్కనున్న సోడియం పొరలోకి జారుతుంది, కొంత తిరిగి రాదు. అది కణం లోపల జరిగే పని, పైనున్న 2 నానోమీటర్లు దాన్ని ఆపలేవు. పీ2 రకం (పొరల మరో అమరిక) నికెల్-మాంగనీస్ ఆక్సైడ్‌లోనూ ఇంతే, 4.2 దగ్గర ఓ2గా మారి ఘనపరిమాణం 20 శాతానికి పైగా కుంచించుకుంటుంది. కణం పగిలితే పూత లేని కొత్త ముఖాలు ఎలక్ట్రోలైట్‌కి తగులుతాయి. మెగ్నీషియం, టైటానియం, కాపర్ లాంటివి లాటిస్‌లో పెట్టి ముందు నిర్మాణాన్ని నిలబెట్టాలి, పూత ఆ తర్వాత.

చిన్న చిన్న కణాలు కలిసిన గుండ్రటి పాలీక్రిస్టల్ పౌడర్ అయితే ఇంకో చిక్కు. పూత గోళం బయటే ఉంటుంది, క్యాలెండరింగ్‌లోనే (ఎలక్ట్రోడ్‌ని రోలర్ల మధ్య నొక్కేటప్పుడే) కొన్ని గోళాలు పగులుతాయి. పూత వేసిన పౌడర్‌ని ప్రెస్ చేశాక బీఈటీ మళ్లీ కొలవండి. 0.5 ఉన్నది 0.8 అయితే, ఉపరితలంలో మూడో వంతుకి పైగా పూత లేనట్టే. అప్పుడు పూత రెసిపీ మార్చడం కాదు, ప్రెస్ ఒత్తిడి తగ్గించాలి, లేదా సింగిల్ క్రిస్టల్ పౌడర్‌కి మారాలి.